రేకుముక్క చెప్పే సాక్ష్యం

మోటారుకైనా, పంపుకైనా, ట్రాన్స్‌ఫార్మరుకైనా ఒక ప్రక్కన చిన్న రేకు బిగించి ఉంటుంది. వోల్టేజీ, కరెంటు, వేగం, క్రమసంఖ్య, తయారైన సంవత్సరం దానిపై ముద్రించి ఉంటాయి. యంత్రం సవ్యంగా నడిచినన్నాళ్లూ ఆ రేకువంక చూచేవారుండరు. విడిభాగం కావలసివచ్చిన నాడు మాత్రం గుడ్డపీలికతో మసి తుడిచి, టార్చిలైటు వెలుగులో అక్షరాలు కూడబలుక్కుంటాం. మెయింటెనెన్సు విభాగంలో ముప్పది మూడేళ్లు పనిచేసిన నాకు రేకు కనబడితే చదవడం అలవాటైపోయింది. పదవీ విరమణ తరువాత ఆ అలవాటే నాకొక వింత లిపిని పరిచయం చేసింది. 1960, 70 దశకాల నాటి అమెరికన్ కార్ల బానెట్ క్రింద దాగి ఉన్న లిపి అది.

ఆ కాలంలో అమెరికాలో కారు కొనడమంటే దర్జీకి కొలతలిచ్చి బట్టలు కుట్టించుకున్నట్లే ఉండేది. ఇంజను, గేర్లు, రంగు, సీటు గుడ్డ, పైకప్పుకు వినైల్ తొడుగు, రేడియో, ఎయిర్‌కండిషనర్ ఇవన్నీ విడివిడిగా ఎంచుకోవచ్చును. ఒక్కొక్క ఎంపికకు ఒక సంకేతం. షెవ్రోలె వారు వీటిని ‘రెగ్యులర్ ప్రొడక్షన్ ఆప్షన్’ అనేవారు. లోకమంతా పేరుపొందిన ‘జెడ్ 28’ కమారో పేరు కూడ నిజానికి ఆర్డరు ఫారంలోని ఒక సంకేతమే. 1967లో ఆ సంకేతంతో తయారైన కార్లు 602 మాత్రమే.

ఒకే అసెంబ్లీ లైనుపై ఏ రెండు కార్లూ ఒకటిగా ఉండని స్థితిలో, తన ముందుకు వచ్చిన బాడీకి ఏది బిగించాలో కార్మికునికి తెలిసేదెట్లు? అందుకు రెండు సాధనాలుండేవి. ఒకటి, సంకేతాలన్నీ అచ్చువేసిన కాగితం. పని ముగిసిన పిదప ఆ కాగితం తరచుగా సీటు స్ప్రింగుల నడుమనో, పెట్రోలు ట్యాంకుపైననో ఉండిపోయేది. అర్ధ శతాబ్దం తరువాత సీటు విప్పినవారికి అది నిధివలె దొరికిన సందర్భాలున్నాయి. రెండవది, బాడీకి బిగించిన రేకు.

క్రైస్లర్ సంస్థ కార్లలో, అనగా ప్లిమత్, డాడ్జి వాహనాలలో, ఈ రేకు బానెట్ తెరిస్తే డ్రైవరు వైపు ఫెండరు లోపలి భాగాన ఉంటుంది. 1970 ప్రాంతపు రేకును చదివే పద్ధతి విచిత్రమైనది. ఎడమనుండి కుడికే చదవాలి గాని, క్రింది వరుసనుండి పైకి పోవాలి. క్రింది వరుసలో మొదట ఇంజను, తరువాత గేరుబాక్సు, ఆపై వాహన సంఖ్య. ‘ఇ 74’ అంటే 426 ఘనపుటంగుళాల హెమి ఇంజను. ‘ఇ 44’ అంటే సాధారణమైన 318. ‘డి 21’ అంటే నాలుగు గేర్ల మాన్యువల్. దానిపై వరుసలో రంగు, సీట్ల అలంకరణ, తయారీకి నిర్ణయించిన తేదీ, ఆర్డరు సంఖ్య. తేదీకి మూడే స్థానాలు. నెలకు ఒక్క స్థానమే గనుక అక్టోబరు, నవంబరు, డిసెంబరులకు ఎ, బి, సి అక్షరాలు వాడారు. ఇంకా పై వరుసలలో మిగిలిన ఎంపికలు: ‘హెచ్ 51’ ఎయిర్‌కండిషనర్, ‘వి 1 ఎక్స్’ నల్లని వినైల్ కప్పు, ‘ఆర్ 11’ రేడియో.

కొన్నేళ్ల క్రితం మిషిగన్ రాష్ట్రంలో ఉన్న మా అబ్బాయి ఇంట్లో వేసవి గడిపినప్పుడు ఈ విద్యకు పని కలిగింది. ప్రక్కింటి పెద్దావిడ భర్తను కోల్పోయి ఏడాదైంది. గ్యారేజీలో ఉన్న 1970 నాటి డాడ్జి ఛాలెంజర్‌ను అమ్మదలచుకున్నారు. కారు ఎర్రగా మెరుస్తున్నది. ప్రక్కన ‘ఆర్ టి’ అనే చిహ్నం ఉన్నది. ఆర్ టి అంటే శక్తిమంతమైన ఇంజనుతో వచ్చిన మేలురకం. సాధారణ ఛాలెంజర్ కంటే వెల బాగా ఎక్కువ. కొనవచ్చిన ఒకాయన ఆ లెక్కనే ధర చెప్పిపోయాడట.

“నాన్నగారూ, మీకు రేకులు చదవడం సరదా కదా, ఒకసారి చూడండి” అన్నాడు మా అబ్బాయి. సంకేతాల పట్టిక ముందుంచుకుని, క్రింది వరుస మొదలుకొని చదివాను. ఇంజను ‘ఇ 44’. వాహన సంఖ్య ‘జె హెచ్ 23 జి 0 బి’ అని ఆరంభమైంది. జె అంటే ఛాలెంజర్, హెచ్ అంటే దాని ధరల శ్రేణి, 23 అంటే రెండు తలుపుల హార్డ్‌టాప్, జి అంటే 318 ఇంజను, సున్న అంటే 1970 మోడల్, బి అంటే డెట్రాయిట్ చెంతనున్న హామ్‌ట్రామిక్ ఫ్యాక్టరీ. ఆర్ టి అయితే రెండవ అక్షరం ‘ఎస్’ కావాలి. ఆ ఏడాది ఆర్ టి రకానికి 383కు తక్కువైన ఇంజను లేనే లేదు. రంగు సంకేతం ‘ఇ ఎఫ్ 8’, అనగా ముదురు ఆకుపచ్చ. డ్యాష్‌బోర్డు మీది సంఖ్యతో పోల్చి చూశాం. అక్షరం తేడా లేదు.

సంగతి చెప్పడానికి నాకు కొంత సంకోచం కలిగింది. వచ్చే సొమ్ము తగ్గుతుంది కదా! ఆవిడ మాత్రం తల ఊపి, “కొన్నప్పుడు ఆకుపచ్చే. తరువాత రంగు మార్చిన దుకాణంవాళ్లు అందానికి ఆ చిహ్నం అంటించారు” అన్నారు. తేదీ ఏమని ఉన్నదని అడిగారు. ‘సి 11’ అని చెప్పాను. మోడల్ 1970దైనా, నెల డిసెంబరు గనుక అది 1969 డిసెంబరు 11. ఆవిడ కొంతసేపు మాట్లాడలేదు. “మా పెళ్లికి సరిగ్గా నెల ముందు” అన్నారు. మరునాడు కొనవచ్చినాయనకు ఫోను చేసి, “ఇది ఆర్ టి కాదు. మావారు ఏమని కొన్నారో అదే అని అమ్ముతాను” అని చెప్పారట. ఆయన మరి రాలేదు. నెల తరువాత వేరొకరు తక్కువ వెలకే, ఆకుపచ్చ రంగు తిరిగి వేయిస్తామని కొనుక్కుపోయారు.

ఈ రేకులన్నీ ఇంత వివరంగా మాట్లాడవు. జనరల్ మోటార్స్ వారి రేకు ముఖ్యంగా బాడీకి, రంగుకు, లోపలి అలంకరణకు సంబంధించినది. ‘04 సి’ అంటే ఏప్రిల్ మూడవ వారం అని తెలుస్తుంది గాని, ఇంజను సంగతి సాధారణంగా తెలియదు. ఒహాయోలోని నార్వుడ్‌లో తయారైన అనేక 1969 కమారోలపై ‘ఎక్స్ 33’ వంటి సంకేతం జెడ్ 28ను పట్టిస్తుంది. అదే సంవత్సరం కాలిఫోర్నియాలోని వాన్ నైస్‌లో తయారైనవాటికి ఆ సౌకర్యం లేదు. ఫోర్డు విషయంలో 1967 మోడల్ నుండి ఫ్యాక్టరీ సమాచారం భద్రంగా ఉన్నది. కెవిన్ మార్టి అనే ఆయన సంస్థ దాని ఆధారంగా నివేదికలు ఇస్తున్నది.

విలువ ఉన్నచోట వంచన కూడ ఉంటుంది. 1971 నాటి హెమి కుడా కన్వర్టిబుల్ ఒకటి 2014లో వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది. అటువంటి ధరలు చూచి కొత్త రేకులు ముద్రించి బిగించినవారు లేకపోలేదు. అందువల్ల తెలిసినవారు రేకునొక్కదానినే నమ్మరు. వాహన సంఖ్య, ఇంజనుపై ముద్ర, సీటు క్రింది కాగితం, మరల ఊడదీసిన మరల జాడలు అన్నీ కలిపి చూస్తారు. సాక్షులందరూ ఒకే మాట చెప్పినప్పుడే తీర్పు.

ఆ ఛాలెంజర్ పుట్టిన హామ్‌ట్రామిక్ ఫ్యాక్టరీ 1980లో మూతబడింది. తరువాత దానిని కూల్చివేశారు. ఆ స్థలంలో జనరల్ మోటార్స్ వారి వేరే కర్మాగారం వెలసింది. పేరు తెలియని ఒక కార్మికుడు ఆనాడు తప్పు లేకుండా ముద్రించిన అక్షరాలు మాత్రం నిలిచాయి. అవి ఆవిడకు రావలసిన సొమ్ములో కొంత తగ్గించాయి, భర్త జ్ఞాపకాన్ని మాత్రం చెక్కుచెదరకుండా అప్పగించాయి. మనం రోజూ విసుగుతో నింపే లాగ్‌బుక్కులు, టెస్టు రిపోర్టులు, బిన్ కార్డులు కూడ ఇటువంటివే. మనలను ఎరుగనివారు ఏనాడో వాటిని నమ్మి చదువుతారు. వ్రాసేటప్పుడు వారిని తలచుకోవడం మన ధర్మం.