శ్వేతకేతువు ఉపవాసం

ఛాందోగ్యోపనిషత్తు షష్ఠాధ్యాయంలో ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువును 15 దినములు అన్నం ముట్టక జలం మాత్రమే స్వీకరించమని ఆదేశిస్తాడు. పదునారవ నాడు ఋగ్యజుస్సామములను వల్లించమనగా ఆ విద్వాంసునకు ఏదియు స్ఫురించదు. పన్నెండేండ్లు గురుకులవాసం చేసి వచ్చినవాడు! భుజించిన పిమ్మట అడిగినదంతా చెప్పగలుగుతాడు. మిణుగురంత మిగిలిన నిప్పు గడ్డిపరకలతో ప్రజ్వలించినట్లు అన్నం చేతనే మనస్సు ప్రకాశిస్తుందని తండ్రి వివరిస్తాడు.

ఈ బోధను వేదాంతచర్చకే పరిమితం చేయడం అనుచితం. పస్తుతో బడికి వచ్చిన కూలివారి బిడ్డ ఎక్కం మరచినంతనే మందబుద్ధి అని నిందించే ఉపాధ్యాయుడు శ్వేతకేతువునైనా అట్లే నిందించి ఉండును. పైగా శ్వేతకేతువు ఉపవాసానికి ఒక అవధి ఉన్నది.

తెలుగునాట పూర్వం గృహస్థులు ఈ సత్యమును ఎరిగినవారే. పేద విద్యార్థి వారాలు చేసుకొని, రోజుకొక ఇంట భుజించి చదువుకొనేవాడు. ఆచారం ఉదాత్తమే, దాని గడప మాత్రం ఇరుకు. అన్ని కులముల బిడ్డలకు ఆ పంక్తిలో స్థానం లేదు, బాలికల ప్రస్తావనే లేదు. 2001లో సర్వోన్నత న్యాయస్థానం ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. అందరికీ ఒకే పంక్తి, ఉచితంగా.

అయినను అది మధ్యాహ్న భోజనం. తమిళనాడు 2022లో ఉదయపు అల్పాహారమును కూడా ఆరంభించింది. అది లేని చోట ఆకలిగొన్న బిడ్డకు తొలి మూడు పాఠములు శ్వేతకేతువు పదునారవ దినమే. గణితం తరచు ఆ వేళలోనే చెప్తారు.