ఏర్ అంటే నీళ్లు

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. ఆ షట్టర్ల ముందు, పోస్టాఫీసు చౌరస్తా చుట్టూ, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఇంజనీరింగ్ పుస్తకాల పక్కనే పెద్ద బాలశిక్ష, దాని పక్కన ఎవరో చింపిన అట్లాసు. మేమిద్దరం నాంపల్లిలో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాం. పెళ్లయిన కొత్తలో ఆదివారం పొద్దు గడవడానికి అక్కడికి నడిచిపోయేవాళ్లం. బిడ్డ పుట్టాక భుజం మీద వేసుకుని పోవడం అలవాటైంది. అక్కడే ఒకరోజు యాభై రూపాయలకు గ్లెన్ డొమన్ పుస్తకం దొరికింది. పసిపిల్లకు చదవడం ఎలా నేర్పాలో చెప్పే ఇంగ్లీషు పుస్తకం. మొదట 1964లో అమెరికాలో అచ్చయింది. మేం కొన్నదానికి అట్ట లేదు, మొదటి పేజీ మీద ఎవరో నూనె చెయ్యి పెట్టిన మరక ఉంది.

ఆ పుస్తకం చెప్పే పద్ధతి తేలిక. తెల్లటి అట్ట ముక్కల మీద పెద్ద పెద్ద ఎర్ర అక్షరాలతో ఒక్కో మాట రాయాలి. బిడ్డ ముందు గబగబా చూపిస్తూ పైకి చదవాలి. రోజుకు కొన్నిసార్లు, ఒక్కోసారి నిమిషం కూడా పట్టకూడదు. బిడ్డకు విసుగు రాకముందే ఆపెయ్యాలి. పరీక్ష పెట్టకూడదు. ముందు అమ్మ, నాన్న అన్న మాటలు, తర్వాత ఒంటి భాగాలు, తర్వాత ఇంట్లో సామాను. మేం చార్ట్ కాగితాలు కొని, కోసి, ఎర్ర స్కెచ్‌పెన్నుతో రాత్రుళ్లు కూర్చుని రాశాం. మదర్, ఫాదర్, నోస్, ఇయర్, హ్యాండ్. ఆ పుస్తకంలో ఎలా ఉంటే అలా, ఇంగ్లీషులో రాశాం. వేరే భాషలో రాయొచ్చన్న ఆలోచనే మాకు రాలేదు.

ఎందుకు రాలేదో చెప్పాలంటే మా బడి సంగతి చెప్పాలి. మేమిద్దరం ఉత్నూరు వైపు గోండు గూడేల నుంచి వచ్చినవాళ్లం. హాస్టలు బడిలో చేరినరోజు మాకు తెలుగు రాదు. సారు అడిగినదానికి గోండిలో జవాబిస్తే క్లాసంతా నవ్వింది. మాలో ఒకరికి దెబ్బలు కూడా పడ్డాయి. రెండో తరగతి అయ్యేదాకా పాఠం అర్థం కాక, అర్థమైనట్టు తల ఊపడం నేర్చుకున్నాం. మా బిడ్డ అలా తల ఊపకూడదు. ఆ ఒక్క పట్టుదలతోనే అట్టలు కోశాం.

లెక్కలకు డొమన్‌దే ఇంకో పద్ధతి ఉంది. అట్ట మీద అంకెలు కాదు, ఎర్ర చుక్కలు. ఒక చుక్క నుంచి నూరు చుక్కల దాకా. పెద్దవాళ్లం ఐదారు దాటితే లెక్కపెట్టుకోవాల్సిందేగానీ పసిపిల్లలు చూడగానే ముప్పై ఎనిమిదో, ముప్పై తొమ్మిదో చెప్పేస్తారంటాడు ఆయన. మా పిల్ల చుక్కల్ని చూసేది కాదు, మా మొహాలు చూసేది. ఏ అట్ట దగ్గర మా కళ్లు పెద్దవవుతాయో కనిపెట్టి దాన్ని పట్టుకునేది. అది కూడా తెలివే అనుకుని సంబరపడ్డాం. ఆయన మొదట మెదడు దెబ్బతిన్న పిల్లలకు చికిత్స చేసినవాడని, ఆ చికిత్సకు ఆధారం లేదని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 1982లోనూ 1999లోనూ చెప్పిందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అయినా ఆయన్ని ఊరికే తిట్టలేం. ఆ అట్టల పేరు చెప్పుకునే కదా మేం రోజూ బిడ్డ ముందు కూర్చున్నాం.

సంగీతం నుమాయిష్ నుంచి వచ్చింది. 1938లో మొదలైన ఆ ఎగ్జిబిషన్ ఏటా జనవరిలో మా గల్లీని కార్లతో, ఆటోలతో నింపేస్తుంది. మాకు అదొక చిక్కు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర వచ్చేదీ అటూఇటుగా అదే కాలం. సెలవు దొరికిన ఏడు జాతరకు పోతాం, దొరకని ఏడు నుమాయిష్‌కు. ఆ ఏడు సెలవు దొరకలేదు. రంగురంగుల మీటలున్న ఆటబొమ్మ కీబోర్డు ఒకటి కొన్నాం. మీట నొక్కితే ఇంగ్లీషు పిల్లల పాట వస్తుంది. రెండు నెలల్లో పిల్ల ఆ పాట తానే మీటల మీద వాయించడం పట్టేసింది.

నాలుగో ఏడు వచ్చేసరికి అరవై అట్టలు చదివేది. వచ్చినవాళ్లందరి ముందూ చదివించాం. ఇంటి ఓనరమ్మ నోటి మీద వేలేసుకుంది. వీడియో తీసి ఊరికి పంపాం. పిల్లను చేర్పించబోయిన ప్లేస్కూల్లో అట్టలు చూపిస్తే మెచ్చుకుని, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి, కనీసం తెలుగైనా మాట్లాడండి, మూడో భాష కలిపి పిల్లను తికమక పెట్టొద్దు అన్నారు. మేం అప్పటికే కలపడం మానేశాం.

నిజానికి పూర్తిగా మానలేదు. ఈ మాట ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మేమిద్దరం గోండిలో మాట్లాడుకునేవాళ్లం, పిల్లకు తెలియకూడని మాటలు మాత్రం. అప్పు, అద్దె, ఊళ్లో ఎవరికి ఒంట్లో బాగాలేదు, నీ తమ్ముడికి ఎందుకు పంపావు, నీ చెల్లెలికి ఎందుకు పంపలేదు. మా కొట్లాటలన్నీ గోండిలోనే. మా అమ్మానాన్నలు జోలపాడిన భాష మా గదిలో దాపరికానికి పనికొచ్చింది. పిల్ల దృష్టిలో అది అమ్మానాన్న గొంతు పెంచేటప్పుడు మాట్లాడే మాట. అది వినబడగానే బొమ్మ తీసుకుని మూలకు పోయేది.

అప్పుడు కాకో వచ్చింది. కాకో అంటే అమ్మమ్మ. కంట్లో శుక్లం ముదిరింది, ఆపరేషన్ చేయించాలి. మార్లవాయి దగ్గర గూడెం దాటి హైదరాబాద్ రావడం ఆమెకు అదే మొదలు. తెలుగు పదిమాటలు వచ్చు, అవీ అంగడి మాటలు. పిల్లకు ఇప్పపూలు ఎండబెట్టి మూటకట్టుకొచ్చింది, గింజలు కూడా కొన్ని కొంగున కట్టుకొచ్చింది. పిల్ల ఆమె మొహం చూసింది, మా వైపు తిరిగింది. "ఏమంటుంది?" అని అడిగింది. వారం రోజులు అలాగే సాగింది. ఒకే చాప మీద కూర్చుని, మధ్యలో మేమిద్దరం దుబాసీలం.

ఆపరేషన్ అయిన మర్నాడు మాలో ఒకరు పనికి పోయారు, ఒకరు డాబా మీద బట్టలు ఉతుకుతున్నారు. గదిలో కాకో పడుకుని ఉంది, కంటికి కట్టు. లేవొద్దని, వంగొద్దని గట్టిగా చెప్పారు. ఆమెకు దాహమైంది. పక్కనున్న మనవరాల్ని "ఏర్" అని అడిగింది. ఏర్ అంటే నీళ్లు. పిల్లకు ఆ మాట తెలుసు. తనకు తెలుసనే అనుకుంది. పరుగెత్తి పోయి అట్టల కట్టలోంచి ఇయర్ అట్ట తీసుకొచ్చి ముసలామె చేతిలో పెట్టింది. పెట్టి, ఆమె చెవి పట్టుకుని చూపించింది. కాకో మళ్లీ అడిగింది. పిల్ల రెండో చెవి చూపించింది. మూడోసారికి పిల్లకు కోపం వచ్చింది, తాను సరిగానే చెప్తుంటే ఈమెకు అర్థం కావడం లేదని. డాబా మీంచి దిగేసరికి కాకో చేతిలో అట్ట ఉంది, నీళ్ల బిందె నాలుగడుగుల దూరంలో ఉంది. లేవబోయి మంచం పట్టె పట్టుకుని ఆగిపోయి ఉంది. ఎంతసేపైందో ఆమె చెప్పలేదు. "పిల్ల చాలా మంచిది, అడగ్గానే ఏదో తెచ్చిచ్చింది" అంది.

సాయంత్రం పనినుంచి వచ్చినవాళ్లకు ఆ సంగతి చెప్తుంటే మొదట నవ్వొచ్చింది. తర్వాత ఇద్దరికీ నవ్వు ఆగిపోయింది. మేం బడిలో నీళ్లు అడగడం రాక దాహంతో కూర్చున్న రోజులు ఉన్నాయి. ఆ రోజు మా ఇంట్లోనే మా అమ్మకు ఆ గతి పట్టింది. ఆ రాత్రి మాలో మేం తిట్టుకోలేదు. తిట్టుకోవడానికి కూడా అదే భాష కావాలి కదా.

కాకో నెలన్నర ఉంది. కట్టు విప్పాక నల్లద్దాలు పెట్టుకుని కూర్చుని, కొంగులోని ఇప్పగింజలు చాప మీద పోసింది. ఒక పక్క ఆరు పేర్చింది, ఒక పక్క ఏడు. మేం తెలుగు చేసి చెప్పాం. ఈ ఆరు మీ నాన్నవి, ఈ ఏడు మీ అమ్మవి. చదివేవాళ్లలో తెలియనివాళ్లుంటారు కాబట్టి చెప్తున్నాం. గోండుల్లో నాలుగు సగాలు, అంటే నలుగురన్నదమ్ములవాళ్లు, ఐదుగురివాళ్లు, ఆరుగురివాళ్లు, ఏడుగురివాళ్లు. మాలో ఒకరం మెస్రం ఇంటి ఆడపిల్ల, ఏడుగురి సగ. ఇంకొకరం ఆరుగురి సగ. ఒకే సగలో పెళ్లి కుదరదు.

"ఆరూ ఆరూ కలిపితే?" అని కాకో అడిగింది. పిల్ల ఇంకో ఆరు గింజలు తెచ్చి, వేలుపెట్టి లెక్కపెట్టి, "పన్నెండు" అంది గర్వంగా. కాకో తల అడ్డంగా ఊపింది. "కలవవు. ఆరూ ఆరూ అన్నాచెల్లెళ్లు." పిల్ల బిత్తరపోయింది. "ఆరూ ఏడూ?" అని తానే అడిగింది. కాకో నవ్వి ఆమె కడుపు మీద వేలు పెట్టింది. "నువ్వు." "అయితే నేను పదమూడా?" "కాదు, నీది మీ నాన్న ఆరే." ఈ లెక్క డొమన్ పుస్తకంలో లేదు, మూడు రోజులు పిల్ల దీన్నే పట్టుకుంది. ఎదురింటి అబ్బాయిని కూడా నీది ఎంత అని అడిగొచ్చింది. ఆ గింజల మీదే ఉండి, రండ్, మూండ్, నాలుంగ్, సీయుంగ్, సారుంగ్, ఏడుంగ్ వచ్చేశాయి. పక్క గూడెంలో పలుకు కొంచెం మారుతుంది, మా కాకో పలుకు ఇది. రెండు, మూడు, నాలుగు, ఏడు తెలిసిన పిల్లకు వీటిలో సగం చుట్టాలే. ఏర్ కూడా అంతే, తెలుగు ఏరు లాంటిదే. ఇంత దగ్గర మాటల్ని అంత దూరం పెట్టాం.

పాట విషయంలో మేం చేసిందేమీ లేదు. దండారి రోజుల్లో ఆడవాళ్లు పాడే పాట ఒకటి కాకో పొద్దున జొన్నపిండి కలుపుతూ సన్నగా అనుకునేది. పదో రోజుకల్లా పిల్ల కీబోర్డు మీద ఆ వరస వెతకడం మొదలుపెట్టింది. ఒక స్వరం దొరకలేదు. కాకో పాడేది రెండు మీటల మధ్య ఎక్కడో ఉంది. పిల్ల ఆ రెండు మీటలూ ఒకేసారి నొక్కి ఊరుకుంది. మాకు అప్పుడు సుజుకీ గుర్తొచ్చాడు. ఆయన గురించి కూడా ఆబిడ్స్ పుస్తకంలోనే చదివాం. జపాన్‌లో వయొలిన్ నేర్పిన ఆయన, పిల్లలు తల్లిభాష ఎలా నేరుస్తారో సంగీతం కూడా అలాగే, విని విని, నేర్వాలన్నాడు. పిల్ల కంటే ముందు తల్లి నేర్చుకోవాలన్నాడు. మా పర్ధాన్లు చేసేదీ అదే కదా. మూడు తీగల కిక్రి మీద తండ్రి మా దేవతల కథ చెప్తుంటే కొడుకు పక్కన కూర్చుని వింటాడు, ఏళ్ల తరబడి వింటాడు, ఒకరోజు కమాను అందుకుంటాడు. జపాన్ ఆయన చెప్తే మాకు పద్ధతిలా కనిపించింది. పర్ధాన్ తాత చేస్తే జాతరలాగానే కనిపించింది.

గోండిలో చదువు కొత్తదేమీ కాదు. హైమన్‌డార్ఫ్ 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ పెట్టించాడు, నాగరి లిపిలో గోండి వాచకాలు వేయించాడు. కాకో వాళ్ల నాన్న ఆ బడిలో చదివినవాడు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో, గోండి కూడా కలిపి, బడి మొదలుపెట్టారు. అప్పటికి మేం హాస్టలు దాటేశాం. గుంజాల ఊళ్లో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు వచ్చింది. 2011 లెక్కల్లో దేశం మొత్తం మీద గోండి మా భాష అని చెప్పినవాళ్లు దాదాపు 29 లక్షల 80 వేలమంది. మరి నాంపల్లిలో మా పిల్లకు మాట్లాడడానికి ఇద్దరం. కాకో ఉంటే ముగ్గురం.

కొత్త అట్టలు రాశాం. అక్షరాలు తెలుగువే, మాటలు గోండివి. పిల్ల రెండు రోజులు చూసి, "ఇవి కొట్లాట మాటలు" అని నెట్టేసింది. అది మేం నేర్పిన పాఠమే, ఎవర్ని అనాలి? అట్టలు పక్కన పెట్టాం. అన్నం పెట్టేటప్పుడు, తల దువ్వేటప్పుడు, స్టేషన్ దగ్గర రైళ్లు చూపించేటప్పుడు గోండిలో మాట్లాడడం మొదలుపెట్టాం. మొదట మాకే నోరు తిరగలేదు. కోపం లేకుండా గోండి మాట్లాడి చాలా ఏళ్లయింది. కొన్ని మాటలు గుర్తురాక ఊరికి ఫోన్ చేసి కాకోను అడిగాం. జడకు ఏమంటారని అడిగితే ఆమె, మా అమ్మ ఇంకొకటి అనేది, నేను ఇది అంటాను అని రెండు చెప్పింది. రెండూ రాసుకున్నాం.

ఎండాకాలం పోయాక రెండో కంటికి ఆపరేషన్ అన్నారు. కాకో మళ్లీ వస్తుంది. మొన్న రాత్రి పిల్ల నిద్రపోయిందనుకుని అద్దె గురించి మేం పాత అలవాటుగా గోండిలో మొదలుపెట్టాం. ఓనరమ్మ పెంచమంటోంది, ఈ నెల నుంచే ఇవ్వాలి, ఎక్కడ తెస్తాం. గొంతులు కాస్త పెరిగాయి. చాప మీంచి దుప్పటి కదిలింది.

"సారుంగ్ హజారా?" అంది మా పిల్ల, కళ్లు తెరవకుండానే.