చిక్కడపల్లి లైబ్రరీ నుంచి టిమ్మిన్స్ దాకా!

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ అంటే గ్రూప్స్ పుస్తకాలే గుర్తొస్తాయి. అశోక్‌నగర్ మెస్‌ల దగ్గర మాత్రం ఈమధ్య నాకు కెనడా మాటలూ వినిపిస్తున్నాయి. టొరంటో కాదు... ఉత్తర ఒంటారియోలోని టిమ్మిన్స్, సడ్‌బరీ! ఒకటి బంగారు గనుల ఊరు, ఇంకోటి నికెల్ గనులది. చలికాలంలో మైనస్ 30 డిగ్రీలు చూడాల్సిందే. పనివాళ్లు చాలక కెనడా 2019లో ఇలాంటి 11 ఊళ్లతో పైలట్ ప్రోగ్రామ్ తెచ్చింది. అది 2024లో ముగిసింది. 2025లో 14 ఊళ్లతో కొత్తది వచ్చింది. అక్కడ గుర్తింపు ఉన్న కంపెనీ ఉద్యోగమివ్వాలి, ఊరు సిఫార్సు చేయాలి; ఆ తర్వాతే పీఆర్‌కి దరఖాస్తు.

అడిగినవాళ్లకి నేను చెప్పేదొకటే: ‘ఆఫర్ లెటర్‌కి ఇన్ని లక్షలు’ అంటే లేచి వచ్చేయండి. విదేశీ కార్మికుల దగ్గర రిక్రూటర్ ఫీజు తీసుకోవడం ఒంటారియో చట్టం ప్రకారం నేరం. నోటిఫికేషన్ కోసం ఏళ్లుగా ఎదురుచూసేవాళ్లకే ఆశను అమ్మడం తేలిక.