మావాడు కంప్యూటర్సండీ!

మా వైపు పెళ్లిచూపుల్లోనూ, బస్సుల్లోనూ, చేపల చెరువు గట్ల మీదా తరచుగా వినిపించే మాట ఒకటుంది. "మావాడు కంప్యూటర్సండీ!" అంటారు. ఆ ఒక్క మాటతో చదువూ, ఉద్యోగమూ, భవిష్యత్తూ అన్నీ చెప్పేసినట్టే లెక్క. వినేవాళ్లు "ఓహో!" అని తల పంకిస్తారు. ఆ తర్వాత ఏం అడగాలో వీళ్లకూ తెలియదు, ఏం చెప్పాలో వాళ్లకూ తెలియదు.

కలిదిండి అనగానే తెలుగు ఎం.ఏ. చదివిన నాబోటివాడికి ముందు గుర్తుకొచ్చేది రాజరాజనరేంద్రుడి తామ్రశాసనం. నన్నయగారి చేత భారతం తెలుగు చేయించిన రాజు ఆయన. పదకొండో శతాబ్దిలో యుద్ధంలో నేలకొరిగిన ముగ్గురు సేనానుల జ్ఞాపకార్థం ఇక్కడ శివాలయాలు కట్టించాడని ఆ శాసనం చెబుతుంది. ఈ సంగతి క్లాసులో చెబితే పిల్లలు మర్యాదకు వింటారు. వాళ్ల మనసంతా కోడింగు మీద ఉంటుంది. అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. శీలావతి, బొచ్చె ధరలు లేస్తూ పడుతూ, నీళ్లలో పోసిన డబ్బు పైకి తేలుతుందో లేదో తెలియని ఊళ్లో, నెల జీతమనే మాటకున్న తీపి అంతా ఇంతా కాదు.

తెలుగు చెప్పుకునే నా దగ్గరికి కంప్యూటర్ల సంగతి అడగడానికి ఎవరైనా ఎందుకు రావాలి? అయినా వస్తారు. మాస్టారికి అన్నీ తెలుస్తాయని ఒక నమ్మకం. పైగా బీయస్సీ కంప్యూటర్ సైన్సు పిల్లలకు తెలుగు పాఠం చెప్పేది నేనే కాబట్టి, ఆ డిగ్రీల నిబంధనలు నేనూ చదవక తప్పలేదు.

కిందటి ఎండాకాలంలో చెరువు కౌలుకు చేసుకునే ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"మాస్టారూ, అమ్మాయికి ఎంసెట్టులో ర్యాంకొచ్చిందండి. సీటొస్తే ఇంక డిగ్రీ వచ్చినట్టే గదండీ?"

2021లో ఆ పరీక్ష పేరు ఈఏపీసెట్టుగా మారినా మా వైపు అది ఎంసెట్టే.

"చెరువులో పిల్ల వదిలితే పట్టుబడి అయినట్టేనా?" అన్నాను.

"అదెట్టాగండీ! మేతెయ్యాలి, నీళ్లు చూసుకోవాలి. తెల్లారగట్ల ఊపిరాడక పైకి తేలుతున్నాయేమో కాపలా కాయాలి..."

"మరి సీటంటే పిల్ల వదలడమేనండీ" అన్నాను. అమ్మాయి నవ్వింది. తండ్రి నవ్వలేదు, ఆలోచనలో పడ్డాడు.

ఆ రోజు వాళ్లకు చెప్పిందే ఇక్కడా చెబుతాను. ఎందరో తల్లిదండ్రులు అడగవలసి ఉండీ అడగని సంగతులివి.

ఇంటర్లో ఎం.పి.సి. చదివి రాసే ఆ ప్రవేశ పరీక్షలో ప్రశ్నలు 160. అందులో 80 లెక్కలవే. తాడేపల్లిగూడెంలో 2015లో వచ్చిన ఎన్.ఐ.టి.లో చేరాలంటే జేఈఈ మెయిన్ రాయాలి. 2008లో నెలకొన్న నూజివీడు ట్రిపుల్ ఐటీలోకి పదో తరగతి మార్కులతోనే తీసుకుంటారు. అక్కడ మొత్తం ఆరేళ్ల చదువు. దారులు వేరైనా, లోపలికి వెళ్లాక ఎదురయ్యేది దాదాపు ఒకటే.

160 ప్రశ్నల గండం దాటిన పిల్లకు మళ్లీ 160 అనే అంకె ఎదురవుతుంది. కాకినాడ జె.ఎన్.టి.యు. 2023 నిబంధనల ప్రకారం బీటెక్ పట్టాకు 160 క్రెడిట్లు కావాలి. క్రెడిట్టంటే అప్పు కాదు సుమా! వారానికి ఒక గంట పాఠం సెమిస్టరంతా సాగితే ఒక క్రెడిట్టు. ల్యాబులో అయితే రెండు గంటలకు ఒకటి. సెమిస్టరుకు పదిహేను వారాలు వేసుకుని, అన్నీ పాఠాలే అనుకున్నా 2,400 గంటలు. ల్యాబులు కలిస్తే ఇంకా ఎక్కువ. ఇంట్లో చదువుకునేది ఈ లెక్కలోకి రాదు.

సబ్జెక్టుకు నూరు మార్కులు. కాలేజీలో వేసేవి 30, ఆఖరి పరీక్షకు 70. ఆ ఆఖరి పరీక్షలో నూటికి 35 వంతున, అంటే 25 మార్కులు రావాలి. రెండూ కలిపి కనీసం 40 రావాలి. హాజరు నూటికి 75 ఉండాలి. నాలుగేళ్లకు తక్కువ కాకుండా, ఎనిమిదేళ్లకు మించకుండా మొత్తం 160 సంపాదించాలి. ఇందులో బేరం లేదు. 159 వచ్చినా పట్టా లేదు.

మరి ఏం చదువుతారు? మొదటి ఏడు కంప్యూటరు కంటె మిగతావే ఎక్కువ కనిపిస్తాయి. లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ, కరెంటు పాఠాలు, డ్రాయింగు, వాటి మధ్య సి భాషలో ప్రోగ్రాములు. "మావాణ్ని కంప్యూటర్లలో చేర్పిస్తే బొమ్మలు గీయిస్తున్నారేమండీ?" అని ఒకాయన నన్నే నిలదీశాడు. తర్వాత డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్సు, డేటాబేసులు, నెట్‌వర్కులు వస్తాయి. రెండు వేసవుల్లో ఇంటర్న్‌షిప్పులు. అందులో ఒకటి ఊళ్లలో చేయవలసిన సమాజసేవా ప్రాజెక్టు. ఆఖరి సెమిస్టరు ప్రాజెక్టుకే సరిపోతుంది.

ఇంతమందిని ముంచేది ఇందులో ఏది? కంప్యూటరు కాదు. మొదటి ఏడాది లెక్కలు. ఇవి మనవాళ్లు కసితో పెట్టినవి కావు. అమెరికాలో ఏసీఎం అనే కంప్యూటరు పండితుల సంఘం 1968లోనే ఈ డిగ్రీకి ఒక పాఠ్యప్రణాళిక ప్రకటించింది. అందులోనూ గణితానికి పెద్దపీటే. యంత్రం మనం చెప్పినట్టు వింటుంది. అయితే తప్పులేని వరసలో చెప్పడం మనకు రావాలి. ఆ వరస నేర్పేది లెక్కలే.

మా వీధిలో ఒక కుర్రాడున్నాడు. 2020లో బీటెక్ చేరాడు. కరోనా రోజులు. మొదటి ఏడాది పాఠాలన్నీ సెల్‌ఫోనులోనే. సిగ్నలు కోసం చెరువు గట్టెక్కి, ఒక చెవిలో మాట్రిక్సులు, మరో చెవిలో ఏరేటర్ల మోత. మొదటి సెమిస్టరు లెక్కలు తప్పాడు. "తర్వాత రాసుకుందాంలే" అన్నారు ఇంట్లో. తర్వాత అనేది రాలేదు. పైచదువు పైన పడుతూ వచ్చింది. నాలుగేళ్లూ గడిచేసరికి చేతిలో 157 క్రెడిట్లు. ఆ ఒక్క సబ్జెక్టువి మూడు తక్కువ. ప్రోగ్రాములు చక్కగా రాస్తాడు. కాని పెద్ద కంపెనీలు చాలావరకు 'బ్యాక్‌లాగు ఉండకూడదు' అని ముందే షరతు పెడతాయి. తోటివాళ్లు హైదరాబాదు వెళ్లిపోయారు. ఇతను మేత బస్తాలు మోస్తున్నాడు. చుట్టాలొస్తే తల్లి మాత్రం "మావాడు కంప్యూటర్సండీ" అంటూనే ఉంది. ఆ మాట వినబడగానే అతను పెరట్లోకి వెళ్లిపోవడం నేను చూశాను.

ఒకనాడు ప్రశ్నపత్రం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "లెక్కలు నాకేం వచ్చు నాయనా?" అన్నాను. "లెక్క కాదు మాస్టారూ, ఆ ఇంగ్లీషులో అడిగిందేమిటో అంతుబట్టడంలేదు" అన్నాడు. అది మాత్రం నా పరిధిలోనిదే. పద్యానికి అన్వయం చెప్పేటప్పుడు మేం ముందు క్రియను పట్టుకుంటాం. ఎవరు, దేన్ని, ఎందువల్ల అని దాని వెంట అడుగుతూ పోతాం. "ఈ ప్రశ్నలో క్రియ ఏది? ఇచ్చిందేది? అడిగిందేది? తెలుగులో చెప్పు" అన్నాను. రోజూ సాయంత్రం రెండేసి ప్రశ్నలు అలా విప్పుకున్నాం. లెక్క చేసింది అతనే. పద్యం అర్థం చేసుకోవడానికీ ప్రోగ్రాము రాయడానికీ ఇంత చుట్టరికం ఉందని నాకూ అప్పుడే తెలిసింది.

బీటెక్ ఒక్కటే దారి కాదని కూడా ఆ తండ్రికి చెప్పాను. యూజీసీ 2022 డిసెంబరు ప్రణాళికలో మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్సుకు 160. బీయస్సీ కంప్యూటర్ సైన్సు ఆ దారిలోది. ఇంటినుంచి బస్సులో వెళ్లి చదువుకోవచ్చు, ఖర్చు తక్కువ, తర్వాత ఎం.సి.ఏ. చేయవచ్చు. అయితే చదువు తేలిక అనుకుని చేరితే మాత్రం అక్కడా దెబ్బే.

తెలుగు పల్లెలో ఇసకలో అక్షరాలు దిద్దిన రాజ్ రెడ్డిగారు 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. ఆయన చదివిన బ్యాచిలర్ డిగ్రీ సివిల్ ఇంజనీరింగు! 1958లో గిండీలో పట్టా పుచ్చుకునేనాటికి మనదేశంలో కంప్యూటరు డిగ్రీ అనేదే లేదు. పట్టా పేరు కంటె దాని కింద వేసుకున్న పునాది ముఖ్యమని ఆయన చదువే చెబుతుంది.

అంతా విన్నాక తండ్రి, "అయితే ఫీజు సంగతి కాదన్నమాట మేం చూసుకోవలసింది" అన్నాడు.

"ఫీజూ చూసుకోవాలి. ప్రతి సెమిస్టరూ ఎన్ని క్రెడిట్లు రావాలి, ఎన్ని వచ్చాయి అని కూడా అడగాలి. తప్పిన సబ్జెక్టు ఉంటే కోప్పడకుండా, వెంటనే వచ్చే పరీక్షకే కట్టించాలి. తిడతారని భయపడితే పిల్లలు దాస్తారు. దాస్తే అది మూడేళ్ల తర్వాత బయటపడుతుంది."

అమ్మాయి బీటెక్‌లోనే చేరింది. మొదటి సెమిస్టరు ఫలితాలు రాగానే తండ్రి ఫోను చేశాడు. "ఇరవైకి ఇరవయ్యీ లేవండి, ఒక సబ్జెక్టు తప్పింది. నాతో తనే చెప్పిందండి. మళ్లీ పరీక్షకు డబ్బు కట్టేశాం" అన్నాడు. గొంతులో దిగులుంది గాని దాపరికం లేదు. ఆ ఇంట్లో ఆ పిల్ల డిగ్రీకి ఇక భయం లేదనిపించింది.

మా వీధి కుర్రాడు ఈసారి పరీక్ష రాసి వచ్చాడు. ఫలితం ఇంకా రాలేదు. అతనికి 2028 దాకా గడువుంది. ఆ మూడు క్రెడిట్ల కోసం వాళ్లమ్మ దేవుడికి మొక్కుకుంది. అతను మాత్రం సాయంత్రాలు రెండేసి ప్రశ్నలు విప్పడం మానలేదు.