కంకరదారి

బరంపురం నుంచి గోపాలపురం సముద్రానికి తారురోడ్డున సుమారు 16 కిలోమీటర్లు. మొన్న ఆదివారం మేమూ, మా అబ్బాయీ సైకిళ్లమీద ఆ రోడ్డు విడిచి, పొలాలవెంట కంకరదారి పట్టాం. చక్రం జారకుండా ట్యూబుల్లో గాలి కాస్త తగ్గించాం. ఆఫీసు కుర్చీకి అలవాటుపడ్డ మా నడుము ప్రతి రాయినీ లెక్కపెట్టింది.

మొగలిపొదలు దాటాక దారి రెండుగా చీలింది. చేపలతట్టతో ఎదురైన ముసలమ్మను మావాడు ఒడియాలో అడిగాడు.

"సముద్రానికా? ఇటే పొండి. ఏ వూరు బాబూ మీది?" అందామె, తెలుగులో.

వాడు మావైపు చూశాడు. తెలుగులో జవాబు రాలేదు. తప్పు వాడిది కాదు. 1936లో గంజాం మద్రాసునుంచి విడివడి ఒడిశాలో చేరినా, ఆమె నోట తెలుగు నిలిచేవుంది. జారిపోయింది మా యింట్లోనే.

వచ్చే ఆదివారం మళ్లీ అదే దారి. షరతొక్కటే: పోనూ రానూ తెలుగులోనే మాట్లాడుకోవాలి.