దండారి లెక్క

ఊరికి ఊరే ఇంకో ఊరికి చుట్టంగా పోవడం చూశారా? ఆదిలాబాద్ గోండు గూడేల్లో దీపావళికి దండారి పేరుతో అదే జరుగుతుంది. నెమలి ఈకల టోపీలు, ఒంటినిండా బూడిద, చేతిలో కర్ర: ఈ వేషంలో గుస్సాడీ నర్తకులు ముందు, డోలు, పెప్రె వాయిద్యాలు వెనక. గుస్సాడీలకు దీక్ష ముగిసేదాకా స్నానం లేదు. ఆడేవాళ్లు, చూసేవాళ్లు అని గీత ఉండదు. గుస్సాడీ పిల్లల్ని బెదిరిస్తాడు, పెద్దల్ని ఆటపట్టిస్తాడు. వచ్చిన దళం మొత్తానికి తిండీ పడకా ఆతిథ్య గ్రామానిదే. బదులు? ఆ ఊరివాళ్లూ ఈ దళం గూడేనికి ఆడుతూ రావడమే. కాగితం మీద లేని అప్పు. మధ్యలో పెళ్లి సంబంధాల మాటలూ నడుస్తాయి.

1940లలో ఆదిలాబాద్ గోండు గ్రామం మార్లవాయిలో ఉన్న మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఈ రాకపోకల గురించి రాశారు. అదే ఊరి కనకరాజుకు గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ ప్రకటించారు.

కరీంనగర్ ఒగ్గుకథలో లెక్క వేరు. కట్నం చదివించిన వాళ్ల పేరు కథకుడు కథ ఆపి మరీ పలుకుతాడు. మల్లన్న దేవుడి పెళ్లి కథ మధ్యలో పక్కింటాయన పేరు! నాకైతే ఆ అంతరాయమే ఇష్టం. దండారిలో మాత్రం పేరు పిలవాల్సిన పనే లేదు. వండిన గిన్నెలు ఏ ఇంటివో ఊరికి తెలుసు.