దెయ్యం కథ వెనుక ఉన్న ప్రశ్న



మన కోనసీమలో కరెంటు పోయిందంటే పిల్లలు అరుగు మీద చేరి దెయ్యం కథలు మొదలుపెడతారు. కొబ్బరితోటలో తెల్లచీర, కాలువ గట్టున దీపం. విశ్వాసుల ఇళ్లలో ఈ మాట వినబడగానే పెద్దవాళ్లు గదమాయిస్తారు. ఆ గదమాయింపుకు ముందు కథ చివరిదాకా వినమని ఈ రోజు మిమ్మల్ని అడుగుతున్నాను.

2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ గ్యాస్ పైపులైన్ పేలింది. చాలామంది ఇంకా నిద్ర లేవలేదు. 20 మందికి పైగా చనిపోయారు. వారిలో పిల్లలూ ఉన్నారు. ఇళ్లు, కొబ్బరిచెట్లు మాడిపోయాయి.

ఆ తర్వాత సండే స్కూల్లో ఒక బాబు కథ చెప్పాడు. మాడిన చెట్ల కింద రాత్రిపూట ఒక అమ్మాయి తిరుగుతుందట. ఎవరినీ పట్టుకోదట. కనబడినవాళ్లని "మా ఇల్లెక్కడ?" అని మాత్రం అడుగుతుందట. కథ అయ్యాక ఒక పాప నా దగ్గరకొచ్చింది.

"అయ్యగారండీ, ఆ అమ్మాయికి ఇల్లు దొరుకుద్దాండీ?"

ఆ పాపకు దెయ్యమంటే భయం లేదు. చనిపోయినవాళ్లు ఎక్కడున్నారు, వాళ్లని ఎవరు చూసుకుంటున్నారు అన్నదే ఆమె దిగులు.

లూకా సువార్త 24వ అధ్యాయం చూడండి. తిరిగి లేచిన ప్రభువును చూసి శిష్యులు భూతమనుకుని వణికిపోయారు. ఆయన వారిని వెళ్లగొట్టలేదు. చేతులు, పాదాలు చూపించాడు. ముట్టుకోమన్నాడు. తినడానికేమైనా ఉందా అని అడిగి, వాళ్లు పెట్టిన చేప వాళ్ల ఎదుటే తిన్నాడు. భయపడ్డవారికి దగ్గరగా వచ్చి ఆ భయం తీర్చాడు.

అందుకే ఆ పాపతో ఉన్నమాటే చెప్పాను. చనిపోయినవాళ్లు చీకట్లో ఇల్లు వెతుక్కుంటూ తిరగరమ్మా. తండ్రి ఇంట్లో చోటు సిద్ధం చేస్తానని ప్రభువు మాటిచ్చాడు అన్నాను. పాప కాసేపు ఆలోచించింది.

"మరి వాళ్లమ్మకి ఈ సంగతి తెలుసాండీ?"

ఆ మాటకు నాకు జవాబు రాలేదు. ఇద్దరం మోకరించి ఆ కథలోని తల్లి కోసం, నగరంలో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల కోసం ప్రార్థన చేశాం.

తల్లిదండ్రులారా, ఒక్క మనవి. ఇంట్లో ఎవరైనా చనిపోతే పిల్లలతో "ఊరెళ్లారు", "నిద్రపోయారు" అనకండి. నిద్రపోయారని మనం ఆశతోనే అంటాం. కానీ నిద్రలో ఉన్న ఊరి మీద మంట పడిన చోట, ఆ మాట విన్న బిడ్డ రాత్రి కళ్లు మూయడానికి భయపడొచ్చు. చనిపోయారని మెల్లగా చెప్పండి. ఏడిస్తే ఏడవనివ్వండి. మీకూ ఏడుపొస్తే దాచుకోకండి. లాజరు సమాధి దగ్గర ప్రభువు కూడా కన్నీళ్లు పెట్టాడు.

ప్రభువా, మా పిల్లలు అడిగే కష్టమైన ప్రశ్నలు వినే ఓపిక మాకివ్వు. జవాబు లేని చోట వాళ్ల పక్కన కూర్చునే ప్రేమనివ్వు. ఆమేన్.